మడత పడని జానెడు

మామూలుగా మా కొండ ఊళ్ళో మంచు ఎప్పుడు కరుగుతుందా అని చూస్తాం. గొర్రెలకు మేత అయిపోతుంది, కట్టెలు అయిపోతాయి, చివరికి మనుషులకు మాటలు కూడా అయిపోతాయి. ఆ ఒక్క ఏడు మాత్రం మంచు కరగకూడదని నేను ఐదు పూటలా నమాజులో వేడుకున్నాను. ఊరందరి కష్టాన్ని కోరుకున్నట్టే అది. అలాంటి మొర అల్లా వింటాడా, వింటే ఏమనుకుంటాడు అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి మంచు పడుతున్న సాయంత్రం, నేను నమాజుకు కాళ్ళు కడుక్కుంటుంటే, నా భార్య పీరోజా అన్న కొడుకు ఫాయెక్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వాడు లారీలో ఉన్ని మూటలు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. వాడి వెనక ఒక అమ్మాయి. బూట్ల నిండా మంచు. ఆమె మా ఇద్దరి వైపూ చూడలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి గట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

మా వైపు అంతకు మించి మాట అక్కర్లేదు. ఇష్టపడినవాడితో లేచివచ్చిన పిల్ల ఎవరి పొయ్యి గట్టు మీద చెయ్యి పెడితే ఆ ఇంటివాడు ఆమెకు అండగా నిలబడాలి. రెండు వైపుల వాళ్ళూ రాజీ పడేదాకా ఆమె ప్రాణానికి అతనిదే పూచీ.

"ఎవరి పిల్లరా?" అన్నాను.

"బిజార్ వైపు, మామా. పేరు నిగార్."

"బిజారా!" అంది పీరోజా. ఎంత భయం వేస్తే అంత వేళాకోళం ఆడుతుంది ఆమె. "అంత దూరంలో పిల్లను చూసుకున్నావా? మన కొండల్లో ఆడపిల్లలు లేరనా, నీ లారీకి బ్రేకులు లేవనా?"

"అత్తా, నికా అయింది. దారిలో ఒక ముల్లా చదివాడు."

"నికా సంగతి సరే. వాళ్ళవాళ్ళో?"

ఫాయెక్ నేల చూశాడు. పొయ్యి వైపు తిరిగి ఉన్న ఆ అమ్మాయే జవాబు చెప్పింది.

"మా బాబాయి నన్ను చంపుతానని ప్రమాణం చేసి బయలుదేరాడు, మామయ్యా. ఆయన ఇంతవరకు ప్రమాణం తప్పలేదు."

రేపు చలి ఎక్కువగా ఉంటుందని చెప్పినట్టు చెప్పింది. పీరోజా ఇక వేళాకోళం ఆడలేదు. వెళ్ళి ఆ పిల్ల బూట్లు విప్పి, పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దింది.

ఇద్దరూ ఒకే కప్పు కింద దొరికితే ఇద్దరూ పోతారు. అందుకని మర్నాడే ఫాయెక్‌ను కనుమ దాటించి సులేమానియా వైపు పంపేశాను. వసంతంలో నౌరోజ్ పండక్కి తిరిగి వచ్చి ఆమెను తీసుకువెళ్ళాలని మాట. వాడు వెళ్ళిన వెనకే కనుమ మూసుకుపోయింది. నిగార్ మరివాన్ నుంచి వచ్చిన పీరోజా పినతల్లి మనవరాలని ఊళ్ళో చెప్పాం. మంచు మా ఇంటి చుట్టూ గోడ కట్టింది. ఇక ఎవరూ రాలేరు కదా అని నేను నిద్రపోయాను. అలా నిద్రపోయింది ఆ కొన్నాళ్ళే.

ఒక మధ్యాహ్నం లోపలి గదిలోకి వెళ్ళబోయి ఆగిపోయాను. నిగార్ నమాజు చేస్తోంది. చేతులు కట్టుకోలేదు, పక్కలకు వదిలేసింది. సజ్దాలో నుదురు ఆన్చే చోట చిన్న మట్టి బిళ్ళ ఒకటి. వాళ్ళది షియాల పద్ధతి, మాది సున్నీల పద్ధతి. నమాజు ముగిశాక నన్ను చూసి ఆ బిళ్ళను గుప్పిట్లో మూసేసింది.

"నా దగ్గర దాచుకోకమ్మా," అన్నాను. "పక్కింటి తూబా ముందు మాత్రం తియ్యకు. ఆమె కళ్ళు మంచివి కావని కాదు, నోరు పెద్దది."

ఆ రోజంతా అదే ఆలోచన. నేను చేతులు కట్టుకుని నిలబడతాను, ఆమె వదిలేసి నిలబడుతుంది. ఎదురుగా ఉన్నవాడు ఒక్కడే కదా. ఆయన మా ఇద్దరి చేతులూ చూస్తూ కూర్చుంటాడా? మా ముల్లాను అడుగుదామనుకున్నాను. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటాడు. ఊరుకున్నాను.

ఆ చలికాలమే పీరోజా కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము పైకి లేవదు. మగ్గం మీద తివాచీ సగంలో ఉంది. దారి తెరుచుకోగానే సన్నే పట్నం నుంచి దళారి లతీఫ్ దాని కోసం వస్తాడు. పైగా చలికాలంలో ఒక ఇంటి మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుని ఊరంతా పలకరించడానికి వస్తుంది. ఎవరూ రాకూడదు మాకు. నిగార్ మగ్గం ముందు కూర్చుంది.

"ఇదేంటత్తయ్యా, వరసకు ఒక్క పేకేనా?" అంది పడుగు దారాలు వేళ్ళతో మీటుతూ. "మా దగ్గర రెండు వేస్తాం. ఒకటి లావుది, తడిపి వేస్తాం. దాన్ని ఇనుప దువ్వెనతో దిగ్గొడతాం. ఇంత పల్చగా ఉంటే ఇది తివాచీ ఎలా అవుతుంది? దుప్పటి కదా?"

"మీరు నేసేది తివాచీనా, తలుపా?" అంది పీరోజా. "మాది మడిచి చంకలో పెట్టుకోవచ్చు. మీది మొయ్యడానికి నలుగురు మగాళ్ళు కావాలి, ఊరేగింపులాగా."

నిగార్ నవ్వింది. మా ఇంటికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

తరువాత పీరోజాకు జ్వరం వచ్చి కుంపటి పక్కన బొంతల కింద పడుకుండిపోయింది. నేను గొర్రెల దగ్గర మంచు ఎత్తిపోసే పనిలో ఉన్నాను. అలా కొన్నాళ్ళు మగ్గం దగ్గర నిగార్ ఒక్కతే కూర్చుంది. ఒకనాడు తూబా రొట్టెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమీనన్నా, మీ ఇంట్లో తివాచీ నేస్తున్నారా, గోధుమలు దంచుతున్నారా? మా గూట్లో గిన్నెలు దూకుతున్నాయి!"

అప్పుడు చెవి పెట్టి విన్నాను. మా ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ దువ్వెన చప్పుడు వస్తుంది, పిట్ట చెట్టును పొడిచినట్టు, సన్నగా, గబగబా. మా ఇంటి నుంచి వచ్చేది అది కాదు. ధబ్. కాసేపు ఆగి, మళ్ళీ ధబ్. మట్టిగోడ కూడా ఉలిక్కిపడుతోంది. మా తేలిక దువ్వెననే రెండు చేతులా పట్టుకుని తన ఊళ్ళో కొట్టినట్టు కొడుతోంది ఆ పిల్ల. బిజార్ దాకా వినిపిస్తుందేమో అనిపించింది నాకు.

"కొత్త పిల్ల. నేర్చుకుంటోంది," అన్నాను.

"నేర్చుకునేవాళ్ళు అంత బలంగా కొట్టరన్నా. అది బాగా వచ్చినవాళ్ళ దెబ్బ," అని నవ్వుతూ వెళ్ళిపోయింది తూబా. ఆమె మనసులో ఏమీ లేదు. అయినా ఆమె వెనకే వెళ్ళి తలుపు గడియ పెట్టాను.

పీరోజా లేచి వచ్చి తివాచీ మీద అరచెయ్యి రాసి చూసింది. పువ్వులు మావే, చేపల వరసలు మావే, రంగులు మావే. కానీ మధ్యలో అడ్డంగా ఒక జానెడు మేర పలకలా బిగిసిపోయింది. తడిపిన పేకలు రెండేసి వేసి దిగ్గొట్టింది నిగార్. తనకు తెలియకుండానే చేతులు తమ ఊరి దారి పట్టాయి.

"విప్పేద్దాం," అన్నాను.

నిగార్ తల వంచుకుంది. పీరోజా నన్ను పక్కకు పిలిచింది.

"అతిథి వేసిన ముడి మన ఇంట్లో ఎప్పుడైనా విప్పామా? కొత్తగా వచ్చినప్పుడు నా వంకర ముడులు మీ అమ్మ విప్పించిందా?"

"అప్పుడు ఎవరి ప్రాణమూ దాని మీద లేదు."

"ఆ పిల్ల చేతిపని విప్పి ఆమె ముందే పోగులు చేస్తే, ఇక్కణ్ణుంచి పొమ్మని చెప్పినట్టు కాదూ? పైన మన చెయ్యి పడితే కలిసిపోతుందిలే."

కలవదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా నేనూ అదే ఆచారంలో పెరిగినవాణ్ణి. పోగులు విప్పే కత్తెరను తీసి గూట్లో పెట్టేశాను.

ఆ రోజు నుంచీ పీరోజా నిగార్ వెనక కూర్చుని, బాగున్న ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని నేర్పింది.

"బరువంతా నీ చేతిలోనే ఉంచుకో. దారం మీద వెయ్యకు. నిద్రపోతున్న పసివాడి మీద ఈగను తోలినట్టు, అంతే."

"తివాచీ మీద గుర్రం నడిచినా జాడ పడకూడదు అనేది మా అమ్మ."

"మా గుర్రాలు ఇంట్లోకి రావులేవే. తోలు ఈగను."

కొన్ని వరసలు తేలిగ్గా వచ్చేవి. మళ్ళీ ఎక్కడో మనసు పోయేది. ధబ్. మనసు ఎక్కడికి పోయిందో మేం అడిగేవాళ్ళం కాదు. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ నేను తలుపు వైపు చూసేవాణ్ణి. నమాజులో ఉన్నా చూపు అటే పోయేది. తలుపును చూస్తూ చేసిన నమాజు ఎవరికి చేరుతుందో?

చూరు నుంచి మొదటి చుక్క రాలిన రోజు ఊళ్ళో పిల్లలు అరుస్తూ బయటికి పరుగెత్తారు. నిగార్ దువ్వెన ఆపి ఆ చుక్కల చప్పుడు వింటూ కూర్చుంది. ఆమె మొహం, మా మొహాలు ఒకేలా ఉన్నాయి.

దారి తెరుచుకోగానే అందరికంటే ముందు దళారి లతీఫ్ కంచరగాడిద మీద వచ్చాడు. అప్పటికి తివాచీ మగ్గం దిగింది. పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనక వైపు తిప్పి అరచెయ్యి రాశాడు. తరువాత మడత పెట్టాడు. బట్టలా మడత పడింది. ఇంకో మడత పెట్టబోయాడు. అది పడలేదు.

"ఇదేంటన్నా? తివాచీ కడుపులో చెక్క పెట్టి నేశారా?"

"చలికి ఉన్ని బిగిసిపోయింది," అంది పీరోజా.

"ఉన్నికి చలేంటొదినా?" అని నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వేలితో ముడులు విడదీసి పేకలు చూశాడు. లోపలి గది తెర వైపు చూశాడు. తెర కింద రెండు పాదాలు వెనక్కి జరిగాయి.

"పోయిన నెల బిజార్ బజారులో ఒక ముసలాయన దళారులందరినీ టీకి పిలిచి మరీ అడిగాడు, కొత్త ఆడమనిషి ఏ ఇంట్లో అయినా కనపడిందా అని," అన్నాడు గొంతు తగ్గించి. తన టీ తాగాడు. లేచాడు. "ఇది నేను కొనలేనన్నా. సన్నే వాళ్ళు బరువంటారు, బిజార్ వాళ్ళు పల్చనంటారు. దాచుకోండి. నేను చూడలేదు."

అతను చెప్పాడో, చెప్పించారో, బజారులో నవ్వులాటగా అన్న మాటే ఎవరి చెవినైనా పడిందో తెలియదు. నౌరోజ్ ఇంకా రాలేదు, ఫాయెక్ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం మసీదు నుంచి ఇంటికి వస్తుంటే మా వాకిట్లో రెండు గుర్రాలు నిలబడి ఉన్నాయి.

ముందు గదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన గడ్డం నెరిసినవాడు, పేరు నజఫ్, నిగార్ బాబాయి. రెండోవాడు ఆమె అన్న యదుల్లా. తుపాకులు మోకాళ్ళ మీద అడ్డంగా ఉన్నాయి. పీరోజా టీ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇద్దరూ టీ ముట్టుకోలేదు. ఇంటివాడి టీ తాగినవాడు ఆ ఇంటి కప్పు కింద చెయ్యి ఎత్తడు. అందుకని నేను వాళ్ళ మొహాలు చూడలేదు, గ్లాసులే చూశాను. ఆవిరి సన్నబడుతోంది.

"మా పిల్ల నీ ఇంట్లో ఉంది," అన్నాడు నజఫ్.

"నా ఇంట్లో నా భార్య, మా చుట్టాలమ్మాయి ఉన్నారు."

"ఎక్కడి చుట్టాలు?"

"పెళ్ళి వరసన చుట్టాలు."

అబద్ధం కాదు. పరాయి మగవాడు లోపలి గదిలో అడుగు పెడితే ఊరు ఊరంతా మీద పడుతుంది. ఆ సంగతి నజఫ్‌కూ తెలుసు. అందుకే గోడ గూటి వైపు గడ్డం చూపించాడు. అక్కడ గుడ్డలో చుట్టిన ఖురాన్ ఉంది.

"అది తీసుకురా. దాని మీద చెయ్యి పెట్టి, బిజార్ పిల్ల నా ఇంట్లో లేదని చెప్పు. వెళ్ళిపోతాం."

లేచాను. గూటి దాకా నాలుగు అడుగులు ఉండవు. లేదని ప్రమాణం చేస్తే నా పరలోకం పోతుంది. చెయ్యకపోతే ఆమె పోతుంది. గ్రంథం చేతిలోకి తీసుకున్నాక నా నోట ఏం వస్తుందో నిజంగా నాకు తెలియదు. తెలుసని ఇప్పుడు చెప్పుకోవచ్చు, కానీ తెలియదు.

"వద్దు బాబాయ్," అన్నాడు యదుల్లా. "భయపడ్డవాడి ప్రమాణం మనకెందుకు? లోపల మగ్గం ఉందిగా. నేయమను. మా నిగార్ దెబ్బ నాకు తెలియదా? అమ్మ నేర్పిన దెబ్బే కదా అది, చిన్నప్పుడు అమ్మ మగ్గం కిందే నిద్రపోయాను."

నజఫ్ నా వైపు తిరిగాడు. "నేయించు," అన్నాడు.

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించి ఉంది. పీరోజా చెయ్యి ఇంకా లేవడం లేదు. "పీరోజా, అతిథులు మన మగ్గం చప్పుడు వింటారట," అని పిలిచాను. లోపల ఏ చప్పుడూ లేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

తరువాత మొదలైంది. సన్నగా, గబగబా. పిట్ట పొడిచినట్టు. ఒక వరస. ఇంకో వరస. నిద్రపోతున్న పసివాడి మీద ఈగను తోలినట్టు. నజఫ్ మొహంలో బిగువు కాస్త సడలింది. నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు యదుల్లా గోడ వైపు తిరిగి, అవసరానికి మించి గట్టిగా అన్నాడు. "ఈ చలికాలం మా అమ్మ మగ్గం దిగేసింది. కళ్ళు కనపడటం లేదు."

ధబ్.

గూట్లో గ్లాసులు గలగలలాడాయి. ఆ తరువాత లోపల నిశ్శబ్దం. నేను యదుల్లా వైపు చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు. వల వేశాడా, కబురు చెప్పాడా? ఆ కళ్ళను బట్టి నాకు ఏమీ తెలియలేదు. అతని చెయ్యి తుపాకీ మీదే ఉంది.

"ఏంటది?" అన్నాడు నజఫ్.

"దువ్వెన జారి పడింది," అన్నాడు యదుల్లా.

లోపల మళ్ళీ సన్నటి చప్పుడు మొదలైంది. ఈసారి తడబడుతూ. అతను ఇంకాసేపు విన్నాడు.

"ఇది మన చెయ్యి కాదు, బాబాయ్. సన్నే వాళ్ళ చెయ్యి. లే, పొద్దు పోతోంది."

అని చల్లారిపోయిన టీ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. నజఫ్ అతణ్ణి చాలాసేపు చూశాడు. తన గ్లాసు ముట్టుకోకుండానే లేచి బయటికి నడిచాడు.

ముసలాయన గుర్రం ఎక్కుతుంటే యదుల్లా జీను సంచిలోంచి ఏదో తీసి, వెనక్కి వచ్చి నా చేతిలో పెట్టాడు. చెయ్యి కిందికి లాగేసింది. అంత బరువు.

"దారిలో బరువైపోయింది. గుర్రం అలిసిపోతోంది," అన్నాడు. "మీ మగ్గానికి పనికొస్తే ఉంచుకోండి."

ఇనుప దువ్వెన. మా వైపు అంత బరువుది ఎవరూ వాడరని అతనికి తెలియకపోదు.

లోపలికి తీసుకువెళ్ళి నిగార్ ఒళ్ళో పెట్టాను. పిడికి చుట్టిన ఎర్ర గుడ్డ అరచేతి ఆకారంలో అరిగిపోయి ఉంది. ఆమె ఆ అరుగుదలలో తన చెయ్యి పెట్టి చూసుకుంది.

"అమ్మది," అంది.

పీరోజా నెమ్మదిగా అడిగింది. "మీ వైపు తల్లి తన దువ్వెన కూతురికి ఎప్పుడిస్తుంది?"

"అత్తారింటికి పంపేటప్పుడు."

అన్న వదిలేశాడు సరే, బాబాయి నమ్మాడా? ఆయన టీ తాగలేదు. ఆ నిండు గ్లాసును పీరోజా పారబొయ్యలేక సాయంత్రం దాకా అక్కడే ఉంచింది. ఫాయెక్ వచ్చేదాకా నేను ప్రతి ఉదయం కనుమ వైపు చూశాను, ఏ రాయి వెనకైనా మనిషి కదులుతాడేమోనని.

నౌరోజ్ మంటలు ఆరిన మర్నాడు ఫాయెక్ వచ్చాడు. ఇద్దరూ తెల్లవారగానే బయలుదేరారు. నిగార్ దువ్వెనను శాలువాలో చుట్టి పసిబిడ్డను కట్టుకున్నట్టు వీపున కట్టుకుంది. పోయే ముందు మళ్ళీ పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టింది. ఈసారి పీరోజా ఆ చెయ్యి తీసి కళ్ళకు అద్దుకుంది. వాళ్ళు కనుమ మలుపు తిరిగేదాకా నేను ఇంటి కప్పు మీద నిలబడ్డాను. తుపాకీ చప్పుడు వస్తుందేమోనని ఆ రోజంతా చెవులు అటే ఉన్నాయి. రాలేదు. మర్నాడూ రాలేదు. రాని చప్పుడు కోసం వినడం మానుకోవడానికి చాలాకాలం పట్టింది నాకు.

గోధుమ కోతలప్పుడు కనుమ అవతల నుంచి ఒక ఉప్పు వర్తకుడు వచ్చాడు. ఎవరి కబురూ తేలేదు. రొట్టె తింటూ లోకం సంగతులు చెప్పాడు. అవతల ఒక ఊళ్ళో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మగ్గం దగ్గర కూర్చుంటే చుట్టుపక్కల గిన్నెలు దూకుతున్నాయట. నేసేది తివాచీనా తలుపా అని ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారట.

పీరోజా లోపలికి వెళ్ళిపోయింది. "చెయ్యి బరువు చేతిలోనే ఉంచుకోమన్నానా లేదా?" అని తెర వెనక తనలో తను అనుకోవడం వినిపించింది. తరువాత ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఆ తివాచీ ఎవరూ కొనలేదు. నేను దాని మీద నమాజు చేస్తాను. సజ్దాలో నుదురు సరిగ్గా ఆ జానెడు మీదే ఆనుతుంది, గట్టిగా, చల్లగా. అటు చివర మెత్తగా ఉంటుంది, తిప్పి వేసుకోమంటుంది పీరోజా.

నేను తిప్పను.